ఫ్రీజరు తలుపులో ఎడమ చెప్పు

ఫ్రీజర్లు బాగుచేసే ఆ పెద్దాయన్ని అందరూ కోతల మేస్త్రి అనేవాళ్లు. పనిలో చెయ్యి ఎంత నెమ్మదిగా, నమ్మకంగా నడిచేదో, నోరు అంత పగ్గం లేకుండా పరుగెత్తేది. ఎప్పుడో ఒక ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఆవలిస్తే, ఆ ఆవలింత గడ్డకట్టి కిందపడి కాలి బొటనవేలు చితికిందని చెప్పేవాడు. నమ్మనివాళ్లకి బూటు విప్పి వేలు చూపించేవాడు. వేలు చితికే ఉండేది. ఇంకేమంటారు? టీ ఇప్పించి, ఇంకొకటి చెప్పమనేవాళ్లు.

అలాంటి మేస్త్రికి ఆ మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

అక్క అంటే చేపల అక్క. గడ్డకట్టించిన చేపలూ బఠానీలూ హోటళ్లకి టోకున వేసే గోడౌను ఆవిడది. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు లేరు. ఊరందరికీ ఆవిడ అక్క కాబట్టి, సరుకు ఎత్తీ దించే ఆవిడ తమ్ముడు ఊరందరికీ తమ్ముడే. తల నెరిసింది, మోకాళ్లు పట్టేశాయి, నేడో రేపో తాత కాబోతున్నాడు. అయినా తమ్ముడే.

"మేస్త్రీ, గది నిండా మంచు కడుతోంది. గోకినకొద్దీ వస్తోంది. గుమ్మం దగ్గర నేల అద్దంలా అయిపోయింది. వీడు జారిపడి నడ్డి విరగ్గొట్టుకోబోయాడు."

"ఇంకేమైనా ఉందా చెల్లెమ్మా?"

అక్క గొంతు తగ్గించింది.

"లోపల ఏదో తడుతోందిట."

"ఎవరన్నారు?"

"ఎవరంటారు? వీడే. నువ్వొచ్చి ముందు ఆ మంచు సంగతి చూడు. తట్టేవాళ్ల సంగతి నేను చూసుకుంటాను."

మేస్త్రి నవ్వుకుంటూనే సంచీ సర్దుకున్నాడు.

గోడౌను పొడుగాటి రేకుల షెడ్డు. ముందు అక్క బల్లా కుర్చీ, పక్కన తూకం. మధ్యలో ఎప్పుడూ ఆరని సిమెంటు నేల. చిట్టచివర ఫ్రీజరు గది. స్టీలు రేకు తొడిగిన దాని తలుపు జానెడు మందం. తలుపు మీద ఒక ఎర్ర బల్బు. దాని లెక్క అందరికీ తెలుసు. లోపలి లైటు స్విచ్చి బయటే ఉంటుంది, ఆ లైటు వేస్తే ఎర్ర బల్బూ వెలుగుతుంది. బల్బు వెలుగుతుంటే లోపల మనిషి ఉన్నట్టు. ఆరిపోయి ఉంటే లేనట్టు.

తమ్ముడు ఎదురొచ్చాడు. నడుస్తుంటే ఒక కాలు మెత్తగా టప్ మంటోంది, ఇంకో కాలు గట్టిగా టక్ మంటోంది.

"ఏంటి తమ్ముడూ, ఒక కాలికి చెప్పూ, ఇంకో కాలికి నాడానా? అక్క గుర్రాన్నిగానీ చేసేసిందా?"

మామూలుగా అయితే తమ్ముడు పళ్లన్నీ బయటపెట్టి నవ్వేవాడు. ఈసారి పెదవి కూడా కదపలేదు. తలుపు వైపు గడ్డం ఊపి, వేలు నోటి మీద పెట్టుకున్నాడు.

ఇద్దరూ నిలబడి విన్నారు. కంప్రెసరు రొద. పైన రేకుల మీద కాకి నడక. తర్వాత, తలుపు వెనక ఎక్కడో లోతుగా, టక్ టక్ టక్. ఆగింది. ఊపిరి తీసుకున్నంత సేపు ఆగి, మళ్లీ ఒక్కటే. టక్.

మేస్త్రి మెడ వెనక వెంట్రుకలు లేచాయి. భయపడి కాదు, ఆయన భయపడే మనిషి కాదు. ఆ తట్టుడు ఎక్కడో విన్నట్టుంది, ఎక్కడో గుర్తు రావట్లేదు. గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు ఆ సంగతి ఆయనలో ఇరుక్కుంది.

"తియ్యి తలుపు," అన్నాడు.

"నువ్వే తియ్యి," అన్నాడు తమ్ముడు.

తీశాడు. ఆయన జన్మలో చాలా ఫ్రీజర్లు చూశాడుగానీ, ఇలా లోపలికి వెళ్లబుద్ధికాని గదిని చూడలేదు. పైకప్పు నుంచి మంచు పళ్లు పళ్లుగా దిగింది. చేపల పెట్టెలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఒకే తెల్లటి గుట్టయ్యాయి. వాటి మీది అక్షరాలు ఒక్కటీ కనబడటం లేదు. గోడల మీద మంచు బొచ్చులా మొలిచింది. తలుపు తీసినప్పుడు దూరిన గాలికి ఆ బొచ్చు నెమ్మదిగా కదులుతోంది, ఏదో జంతువు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు. అన్నిటికన్నా ఆయనకి నచ్చనిదేమిటంటే, మంచు గుమ్మం దగ్గర అన్నిటికన్నా దట్టంగా ఉండి లోపలికి పోయేకొద్దీ పలచబడింది. అంటే పుట్టింది లోపల కాదు. బయటినుంచి లోపలికి నడిచొచ్చింది.

మంచుల్లో రకాలుంటాయి. నీరు కారి గడ్డకడితే గాజులా నున్నగా గట్టిగా ఉంటుంది. గాలిలో తేమ గడ్డకడితే తెల్లగా పొడిపొడిగా, వేలితో గీస్తే రాలేలా ఉంటుంది. మేస్త్రి వేలితో గీశాడు. రాలింది. "గాలి దూరుతోంది," అనుకున్నాడు. "ఎక్కణ్ణుంచి?"

తమ్ముణ్ణి తలుపు పట్టుకోమని, ముందు తట్టుడు సంగతి తేల్చాడు. లోపలి గోడకి పైన చలి పుట్టించే గొట్టాల చుట్ట, దాని ముందు ఫ్యాన్లు. గొట్టాల మీద పెరిగిన మంచుగడ్డ ఒక ఫ్యాను రెక్కకి తగులుతోంది. బయటికొచ్చి ఫ్యాన్ల స్విచ్చి ఆపాడు. తట్టుడు ఆగిపోయింది. ఆ గడ్డని విరిచి తెచ్చి తమ్ముడి అరచేతిలో పెట్టాడు.

"ఇదిగో నీ దెయ్యం. కావాలంటే షర్బత్తులో వేసుకో."

తమ్ముడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఫ్యాను తట్టేదైతే ఆగకుండా తట్టాలి కదా మేస్త్రీ? మూడు తట్టి ఆగడమేంటి?"

"తగులుకుంటుంది, ఆగుతుంది, మళ్లీ తిరుగుతుంది."

"ప్రతిసారీ మూడు తట్టాకేనా?"

మేస్త్రి దగ్గి, సంచీలో ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

"అక్కా," అని కేకేశాడు తమ్ముడు, "ఫ్యానేనట!"

"నేను చెప్పలా?" అంది అక్క బల్ల దగ్గర్నుంచే. "ఇంక తట్టదు కదా మేస్త్రీ?"

"ఇంక తడితే నా పేరు మార్చి పిలువు చెల్లెమ్మా. ఫ్యాన్లు ఆపేశాను. ఇప్పుడా గదిలో కదిలేదంటూ ఒక్కటీ లేదు."

అప్పుడు తలుపు లోపలి వైపు చూశాడు మేస్త్రి. చూసి, ముఖం మీద నవ్వు తీసి పక్కన పెట్టేశాడు.

ఆ తలుపు మూస్తే బయట గొళ్లెం దానంతటదే పడుతుంది. లోపలున్న మనిషి బయటికి రావడానికి తలుపు లోపలి వైపు పిడికిలంత గుబ్బ ఉంటుంది. అరచేత్తో నొక్కితే దాని వెనకున్న కడ్డీ తలుపు మందంలోంచి అవతలికి పోయి గొళ్లాన్ని లేపుతుంది. ఆ గదిలో మిగిలినవన్నీ పాడైనా ఫర్వాలేదు. చేప కరిగితే పారేసుకోవచ్చు. గుబ్బ మాత్రం కదలాలి. మేస్త్రి చేసిన ప్రతి గదిలోనూ మొట్టమొదట నొక్కి చూసేదీ, చివరగా నొక్కి చూసి ఇంటికి పోయేదీ అదే. ఇక్కడ ఆ గుబ్బ కనబడటమే లేదు. దాని చోట మంచు కణితి ఒకటి లేచి ఉంది. గోకుడు కత్తితో దాన్ని చెక్కి తీసి, గుబ్బని అరచేత్తో నొక్కాడు. భుజం పెట్టి నెట్టాడు. కొండకి భుజం పెట్టినట్టే ఉంది.

అక్కని పిలిచాడు. "చెల్లెమ్మా, మంచు సంగతి తర్వాత. ఈ గుబ్బ బిగుసుకుపోయింది. ఇలా ఉండగా తలుపు పడిందా, లోపలున్నవాడు లోపలే. మనం తీసేసరికి చేపల్తో పాటు పేర్చుకోవాల్సిందే."

"మొదలెట్టావా?" అంది అక్క.

"కోత కాదమ్మా."

"ఆవలింత కూడా కోత కాదనే చెప్పావు."

"ఇది నిజంగా..."

"వీడూ నీ శిష్యుడే. గుబ్బ బిగుసుకుందక్కా, గుబ్బ బిగుసుకుందక్కా అని ఒకటే పాట. దున్నపోతులాంటి మనిషి, ఒక్కడే లోపలికి వెళ్లమంటే మాత్రం చంటిపిల్లాడిలా నా మొహం చూస్తాడు. మొన్న హోటలు వాళ్ల ముందు నా పరువు తీశాడు. బిగుసుకుంటే వదిలించు. అందుకేగా నిన్ను పిలిచింది. కథలకి కాదు."

తమ్ముడు నేల చూస్తూ నిలబడ్డాడు. అక్క వెళ్లిపోయింది.

మేస్త్రి దగ్గర వేడిగాలి కొట్టే మిషను ఉంది. కానీ అది బండిలో ఉంది, దానికి పొడుగు వైరు కావాలి, ఆ వైరుకి ప్లగ్గు వదులు. పైగా అక్క అన్న మాట కొంచెం చురుక్కుమంది. చిటికెలో పని చేసి చూపించాలనిపించింది. బల్ల దగ్గర టీకి పెట్టుకున్న కెటిల్‌లో నీళ్లు మరుగుతున్నాయి. అవి తెచ్చి గుబ్బ మీద ధారగా పోశాడు. మంచు చిటపటమని పగిలి రాలింది. నొక్కితే గుబ్బ మెత్తగా లోపలికి పోయింది, అవతల గొళ్లెం టక్కున లేచింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ లేచింది.

"చూశావా?" అన్నాడు తమ్ముడితో. గుడ్డ తీసి గుబ్బని శుభ్రంగా తుడిచాడు. కడ్డీ పోయే బొక్క లోపల తుడవడానికి ఏ గుడ్డా పట్టదు. అక్కడ మిగిలిన నీళ్లు అక్కడే ఉన్నాయి.

ఇక మంచు ఎందుకు కడుతోందో వెతికాడు. గొట్టాల మీది మంచుని కరిగించే హీటరు వేడిగానే ఉంది. ఆ నీరు బయటికి పోయే గొట్టంలో చెంబుడు నీళ్లు పోస్తే గడగడమని పోయాయి. తలుపు చుట్టూ రబ్బరు అంచు ఉంటుంది కదా, దాని మధ్య కాగితం పెట్టి తలుపు మూసి లాగాడు. పైన రాలేదు, పక్కన రాలేదు. కింద, గొళ్లెం వైపు మూల పెట్టి లాగితే కాగితం నవ్వుతూ వచ్చేసింది.

మేస్త్రి ముసలి మోకాళ్లు నేలకి ఆనించి వంగి చూశాడు. ఆ మూల రబ్బరు లోపలికి నొక్కుకుపోయి ఉంది. గుమ్మం మీది మంచులో కూడా అక్కడ ఒక గుంట. ఒకవైపు గుండ్రంగా, మధ్యలో సన్నగా, మళ్లీ వెడల్పుగా. చుట్టూ అంతెత్తు మంచు పెరిగినా, ఆ ఆకారంలో మాత్రం పెరగలేదు. ఎవరో అక్కడ రోజూ కాలు పెట్టి నిలబడుతున్నట్టు. మనిషి లేకుండా కాలు ఒక్కటే.

కాసేపు ఆయనకీ అదోలా అనిపించింది. అప్పుడు వెనక తమ్ముడు బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకున్నాడు. టప్. టక్.

"తమ్ముడూ, ఆ ఎడమ చెప్పు ఇలా ఇవ్వు."

"ఎందుకు?"

"ఇవ్వవయ్యా. కొరుక్కు తింటానా?"

చెప్పు చెక్కలా బిగుసుకుపోయి ఉంది. చలిలో నాని నాని ప్రాణం పోయిన రబ్బరు. మంచులోని గుంటలో పెడితే అచ్చులో పోసినట్టు కూర్చుంది.

"అక్కా!" అని మేస్త్రి కేక పెట్టబోతే తమ్ముడు ఆయన చెయ్యి పట్టేసుకున్నాడు.

"చెప్పకు మేస్త్రీ. లోపలికి వెళ్లేటప్పుడు బూట్లు వేసుకుంటాను కదా, అప్పుడు తలుపు పడకుండా ఈ చెప్పు సందులో పెడతాను. వచ్చాక తీసేస్తాను. ఒక్కోసారి మళ్లీ వెళ్లాలి కదా అని అలాగే వదిలేస్తాను."

"రోజంతా?"

"ఏం చెయ్యను? చెప్పింది నువ్వేగా!"

"నేనా?"

"కిందటి వేసవిలో, ఇదిగో ఈ పెట్టె మీద కూర్చుని. ఎక్కడో ఒక స్టోరు మనిషి చేప కోసం లోపలికెళ్తే తలుపు పడిపోయిందన్నావు. గొంతు పోయేదాకా అరిచాడు. అరుపు బయటికి రాలేదు. గడ్డకట్టిన చేప తీసుకుని తలుపు మీద తట్టాడు. మూడు తట్టేవాడు, ఊపిరి అందక ఆగేవాడు, మళ్లీ ఒకటి తట్టేవాడు. బయటున్నవాళ్లు మిషను చప్పుడనుకున్నారు. తలుపు తీసేసరికి చేప చేతిలో పట్టుకుని నిలబడే ఉన్నాడన్నావు. కళ్లు తెరుచుకుని. ఇప్పటికీ ఏ ఫ్రీజర్లో చూసినా ఆ తట్టుడు వినబడుతుందన్నావు. ఒట్టేసి మరీ చెప్పావు."

గొంతులో ఇందాకట్నుంచీ ఉన్న చేపముల్లు అప్పుడు కదిలింది. ఆ తట్టుడు ఎక్కడ విన్నాడో మేస్త్రికి గుర్తొచ్చింది. తన నోట్లోనే విన్నాడు. ఆ పూట టీ కొంచెం ఆలస్యమైతే, అది వచ్చేదాకా కాలక్షేపానికి అల్లిన కథ.

అబద్ధమని చెప్పేస్తే సరిపోయేది. కానీ కోతలు కోసేవాణ్ణి కోతలు ఒప్పుకోమనడం, మీసాలున్నవాణ్ణి నడిబజార్లో గొరిగించుకోమనడం లాంటిదే.

"అది వేరే ఊరు, వేరే గది," అన్నాడు మేస్త్రి. "ఆ గుబ్బ రకమే వేరు. ఇదిగో, ఇది చూడు, వెన్నలా జారుతోంది. నీ చెప్పు వల్లే గాలి దూరింది. గాలి దూరితే మంచు కట్టింది. మంచు కడితేనే గుబ్బ బిగుసుకుంది. నువ్వు దేనికి భయపడ్డావో దాన్ని నీ చేత్తో నువ్వే పెంచావు. ఈ రోగానికి మందు ఒక్కటే."

అని ఆ చెప్పుని షెడ్డు వెనక తలుపులోంచి బయటికి విసిరాడు. అది గిర్రున తిరిగి, పక్కవాళ్ల షెడ్డు రేకుల మీద టంగుమని పడింది.

"అయ్యో," అని తమ్ముడు ఒంటి చెప్పుతో కుంటుకుంటూ నిచ్చెన కోసం పోయాడు.

ఇక మిగిలింది ఒక్క పరీక్ష. నొక్కుకుపోయిన రబ్బరుని చేత్తో సాగదీసి సరిచేశాడు. అది పూర్తిగా అతుక్కుంటోందా లేదా చూడటానికి మేస్త్రి పద్ధతి ఒకటుంది. లైటు ఆపి, లోపలికెళ్లి, తలుపు మూసుకుని చీకట్లో నిలబడటం. రబ్బరు ఎక్కడ వదులుంటే అక్కడ బయటి వెలుగు వెంట్రుకలా కనబడుతుంది. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లంతా దీన్నే గొప్పగా చెప్పుకుంటారు. చలికి పాడైపోతుందని ఫోన్ తీసి పెట్టె మీద పెట్టాడు. గుబ్బని ఇంకోసారి నొక్కాడు. కదిలింది. లైటు ఆపాడు. ఎర్ర బల్బు ఆరిపోయింది. లోపలికెళ్లి తలుపు లాక్కున్నాడు. గొళ్లెం పడిన చప్పుడు చాలా బాగుంది, గట్టి తలుపు చప్పుడు.

చీకటి కంటికి అలవాటుపడేదాకా ఆగాడు. ఆగాలి, తొందరపడితే సన్న వెలుగు కనబడదు. పై అంచు చూశాడు. నల్లగా ఉంది. కీళ్ల వైపు చూశాడు. నలుపే. మోకాళ్ల మీద కూర్చుని చెప్పున్న మూల చూశాడు. నలుపు. పనిలో పనిగా గోడ పలకల అతుకులూ, పైకప్పు మూలలూ తల తిప్పుతూ చూశాడు. ఎక్కడా చుక్క వెలుగు లేదు. నిజం చెప్పాలంటే, ఆయన జీవితంలో అంత బాగా మూసుకున్న తలుపు చూడలేదు.

"శభాష్," అని తనే తన భుజం తట్టుకుని, తడుముకుంటూ గుబ్బ మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు.

కదల్లేదు.

చెయ్యి జారిందనుకున్నాడు. రెండు చేతులూ పెట్టాడు. భుజం పెట్టాడు. ఆ చిన్న బొక్కలో మిగిలిన కాస్త నీళ్లు, తను పోసిన నీళ్లే, కడ్డీని గుప్పిట్లో పట్టుకుని గడ్డకట్టాయి. ఏం జరిగిందో ఆయనకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తెలియకపోతేనే బాగుండేది.

"చెల్లెమ్మా!" అని అరిచాడు. తలుపు ఆ అరుపుని తాగేసింది. "తమ్ముడూ!" అది కూడా తాగేసింది. అవతల కంప్రెసరు రొద పెడుతోంది. అక్క బల్ల దగ్గర ఉంటుంది. ఇటు తిరిగి చూసినా ఎర్ర బల్బు ఆరిపోయి ఉంటుంది. మేస్త్రి టీకి పోయాడనుకుంటుంది. తమ్ముడు చెప్పు కోసం రేకుల మీద ఉంటాడు. ఆ చెప్పు... ఆ చెక్కముక్కలాంటి చెప్పు ఇప్పుడు ఈ సందులో ఉండుంటే!

చలి గురించి ఆయన ఎన్ని కథలు చెప్పలేదు! ఆవలింత గడ్డకట్టేది, మాటలు గడ్డకట్టి పొయ్యి దగ్గర పెడితే గానీ వినబడేవి కావు. ఆయన కథల్లో చలి ఎప్పుడూ నవ్విస్తుంది. ఈ చలి అలా లేదు. ఇది మాట్లాడదు. ముందు వేళ్ల కొసలు తీసుకుంది. తర్వాత చెవులు. చితికిన బొటనవేలు మొదట సలిపింది, తర్వాత సలపడం మానేసింది. అదే ఆయన్ని భయపెట్టింది. చుట్టూ మంచు సన్నగా చిటుక్కుమంటోంది, కొత్తగా వచ్చినవాడి కోసం చోటు సర్దుతున్నట్టు.

చేతులు బండబారాయి, పిడికిలితో కొడితే మెత్తటి చప్పుడే వస్తోంది. గట్టి వస్తువు కావాలి. గోకుడు కత్తి బయట సంచీలో ఉంది. పెట్టెల గుట్ట తడిమి, చినిగిన ఒక మూల నుంచి చేతికి దొరికినదాన్ని పీకాడు. మోచెయ్యంత పొడుగు, ఇనుములా గట్టిగా, తోక పట్టుకుంటే పిడిలా కుదిరింది. చేప.

తలుపు మీద కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఛాతీలో గాలి కత్తిలా దిగింది. ఆగాడు. ఊపిరి తీసుకుని, బలమంతా పెట్టి ఇంకొకటి కొట్టాడు.

అప్పుడు విన్నాడు, తను ఏం కొట్టాడో.

కావాలని కొట్టలేదు. మార్చుదామని చూశాడు కూడా. రెండే కొట్టి ఆపుదామనుకున్నాడు, చెయ్యి మూడోది కొట్టింది. నాలుగు వరసగా కొట్టబోతే ఊపిరి మూడు దగ్గరే తెగింది. ఆ చలిలో మనిషి అలాగే కొట్టగలడు కాబోలు. ఇంకోలా కుదరదు. టీ కోసం చెప్పిన కథలో ఈ ఒక్క ముక్కా నిజమెలా అయిందో ఆయనకి అర్థం కాలేదు. ఆ కథని ఎన్నో రకాలుగా చెప్పాడు. ఒక చోట చేప, ఒక చోట మాంసం ముక్క, ఒక చోట వాడికి పెళ్లయిన కొత్త. ఎక్కడైనా వాడు బతికి బయటికొచ్చినట్టు చెప్పానా అని వెతుక్కున్నాడు. ఎక్కడా చెప్పలేదు. బతికొస్తే వినేవాళ్లకి చప్పగా ఉంటుందని.

టక్ టక్ టక్. టక్.

బయట తమ్ముడు చెప్పు సాధించి, దాన్ని చంకలో పెట్టుకుని వెనక తలుపులోంచి వచ్చాడు. ఎర్ర బల్బు ఆరిపోయి ఉంది. ఫ్యాన్ల స్విచ్చి ఆపే ఉంది. ఆ గదిలో కదిలేదంటూ ఒక్కటీ లేదని మేస్త్రి చెప్పిన మాట చెవిలోనే ఉంది. తలుపు ముందునుంచి నడుస్తుంటే వినబడింది.

మూడు. ఊపిరి. ఒకటి.

తమ్ముడు అరవలేదు. అరవడానికి గొంతు ఉండాలి కదా. పరుగో దొర్లుడో తెలియకుండా వెళ్లి అక్క బల్ల పట్టుకున్నాడు.

"వా... వాడే. వాడే అక్కా."

"ఎవడు?"

"మేస్త్రి చెప్పినవాడు. ఫ్యాన్లు ఆపేశారు, బల్బు లేదు, అయినా తడుతున్నాడు."

"మేస్త్రి ఏడీ?"

"లేడు. పారిపోయుంటాడు. మనమూ పోదాం పదక్కా."

అక్క ఫోన్‌లో హోటలు వాళ్లకి ఆగమని చెప్పి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని లేచింది. ఆవిడకి దెయ్యం మీద కోపం రాలేదు. మేస్త్రి మీద వచ్చింది. ఇంక తట్టదని చెప్పినవాడు తట్టుడు అలాగే వదిలేసి టీకి పోయాడని. తమ్ముడికి చూపించాలనుకుంది, ఇందులో ఏమీ లేదురా వెర్రివాడా, చేపలు తప్ప ఏమీ లేదు అని. ఆ మాట అంటూనే గొళ్లెం లాగింది.

చీకట్లోంచి తెల్లటి ఆవిరి కాళ్ల మీదికి పారింది. ఆవిరిలో మనిషి నిలబడి ఉన్నాడు. మీసాలు తెల్లబడ్డాయి, కనుబొమలు తెల్లబడ్డాయి. కళ్లు తెరుచుకునే ఉన్నాయి. ఎత్తిన చేతిలో చేప ఉంది.

తమ్ముడు తూకం వెనక్కి పోయి కూర్చుండిపోయాడు.

"ఏంటిది మేస్త్రీ?" అంది అక్క. గొంతులో కోపం ఇంకా అలాగే ఉంది, కాకపోతే కాస్త నీరసపడింది. "వీణ్ణి బెదిరించడానికి లోపల నిలబడి నాటకమా?"

మేస్త్రి నోరు తెరిచాడు. దవడ ఆడుతోందిగానీ మాట రాలేదు. ఆ నోట్లోంచి మాట రాకపోవడం అక్క మొదటిసారి చూసింది. ఆయన బయటికి ఒక అడుగు వేసి, పెట్టె మీద కూలబడి, చేపని ఒళ్లో పెట్టుకున్నాడు. వేళ్లు దాన్ని వదలడం లేదు. ఒక్కొక్క వేలే ఎత్తి అక్క తీసింది. రెండో చేత్తో మేస్త్రి తలుపు వైపు చూపించాడు.

అక్క తలుపుని బార్లా తీసిపట్టుకుని, లోపలి వైపు గుబ్బని అరచేత్తో నొక్కింది. మళ్లీ నొక్కింది. గాజులు పైకి తోసుకుని రెండు చేతులూ పెట్టి, ఒంటి బరువంతా వేసి నొక్కింది.

అక్క అరచేతిలో గుబ్బ అచ్చు ఎర్రగా పడింది. దాన్ని చూసుకుంటూ నిలబడింది.

"ఎన్నాళ్లనుంచి చెబుతున్నావురా నువ్వు?" అంది, తూకం వైపు తిరగకుండానే.

తమ్ముడు తూకం వెనక నుంచి లేచాడు. మేస్త్రి వైపు వచ్చి, ఆయన మొహంలోకి వంగి, మెల్లిగా అడిగాడు. "ఇప్పుడు తట్టింది నువ్వే కదా?"

మేస్త్రి తలాడించాడు.

"మరి ఇన్నాళ్లూ?"

"ఫ్యాను," అన్నాడు మేస్త్రి ఎలాగో కూడబలుక్కుని. "ఫ్యానే... తమ్ముడూ. ఆ స్టోరు మనిషి... ఎవడూ లేడు. అది ఉత్తి... కోత."

తమ్ముడు ఆయన వైపు జాలిగా చూశాడు. ఇంత జరిగాక కూడా తనకి ధైర్యం చెప్పడానికి ఎంత అబద్ధం ఆడుతున్నాడో అనుకున్నట్టు చూశాడు. చంకలోని చెప్పుని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"టీ తాగి ఒళ్లు కాచుకో అన్నయ్యా," అంది అక్క. ఎప్పుడూ మేస్త్రీ అనే మనిషి అలా అనేసరికి ఇద్దరూ ఆవిడ వైపు చూశారు. "తర్వాత ముందు ఆ గుబ్బ విప్పు. మంచు పెరిగితే పెరగనీ. చేపలు పోతే పోనీ. అది విప్పి, ఆరబెట్టి, నువ్వు నొక్కి, నేను నొక్కి, వీడు నొక్కేదాకా ఈ తలుపు పడకూడదు."

ఆ మాట అనేలోపే తలుపు తన బరువుకి తను మెల్లిగా మూసుకోవడం మొదలుపెట్టింది. బరువైన తలుపు, కీళ్లకి ఈ మధ్యే నూనె వేశారు, చప్పుడు చెయ్యలేదు. ముగ్గురూ దాన్ని చూశారు. తమ్ముడు చంకలోని చెప్పు తియ్యబోయాడు. అక్క ఆగలేదు. వంగి తన కాలి చెప్పు తీసి సందులో పెట్టింది. తలుపు వచ్చి దాన్ని కరిచి ఆగింది.

ఆ సందులోంచి గోడౌనులోని తడి గాలి లోపలికి పారసాగింది. కాసేపటికి గుమ్మం మీద, చెప్పుకి అటూ ఇటూ, తెల్లగా సన్నగా ఏదో మొలవడం మొదలైంది. మేస్త్రి టీ గ్లాసు పట్టుకుని అటే చూస్తున్నాడు. ఏ మంచు ఎందుకు కడుతుందో ఆ ముగ్గురికీ ఇప్పుడు బాగా తెలుసు. అయినా ఎవరూ చెప్పు తియ్యలేదు.